స్మార్ట్ పరికరం ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తే రీసెట్ కంటే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: కొత్త రౌటర్ పెట్టాక ఇంట్లోని వైఫై ప్లగ్గులు, బల్బుల్లో సగం కనెక్ట్ కావడం లేదు. అయినవి కూడా రోజులో చాలాసార్లు యాప్‌లో ఆఫ్‌లైన్ అని చూపిస్తున్నాయి. జిగ్బీ (వైఫై కాకుండా చిన్న పరికరాలు వాడే ఇంకో రేడియో పద్ధతి) హబ్‌కి కలిపిన తలుపు సెన్సార్లు అప్పుడప్పుడు స్పందించడం లేదు. రీసెట్ చేసి మళ్లీ పెయిర్ చేస్తే (యాప్‌తో జత కలిపితే) ఒక పూట పనిచేసి మళ్లీ మొదటికొస్తోంది.

ముందు రీసెట్లు ఆపండి. రీసెట్ చేస్తే పరికరంలో ఉన్న వైఫై వివరాలు, టైమర్లు, ఆటోమేషన్లు పోతాయి. లోపం మాత్రం రౌటర్‌లోనో గాలిలోనో ఉన్నచోటే ఉంటుంది. ‘ఆఫ్‌లైన్’ అనే ఒక్క మాట కింద యాప్ ఐదు రకాల లోపాల్ని కలిపి చూపిస్తుంది: పరికరానికి కరెంటు సరిగా అందకపోవడం, రేడియో సిగ్నల్ అందకపోవడం, రౌటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరానికి ఉండే చిరునామా) ఇవ్వలేకపోవడం, ఇంటర్నెట్ లేదా డీఎన్‌ఎస్ (సర్వర్ పేరు నుంచి దాని చిరునామా కనుక్కునే సేవ) పనిచేయకపోవడం, కంపెనీ సర్వర్‌లో లేదా మీ ఖాతాలో తేడా రావడం. వీటిలో ఏదో తేలకుండా చేసే ప్రతి పనీ గుడ్డిగా చేసినట్టే.

తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. పరికరం ఆఫ్‌లైన్‌లో ఉన్నప్పుడే, దాన్ని ముట్టుకోకుండా, రౌటర్ సెట్టింగ్స్ పేజీ తెరవండి. చాలా రౌటర్లలో అది 192.168.0.1 లేదా 192.168.1.1 దగ్గర ఉంటుంది. లేకపోతే రౌటర్ అడుగున ఉన్న స్టిక్కర్ చూడండి. అందులో కనెక్ట్ అయిన పరికరాల జాబితా ఉంటుంది. స్మార్ట్ పరికరాలు అక్కడ అర్థంకాని పేర్లతో కనిపిస్తాయి కాబట్టి, యాప్‌లో ఆ పరికరం వివరాల పేజీలో ఉన్న మ్యాక్ అడ్రస్‌తో (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య) పోల్చి గుర్తుపట్టండి.

జాబితాలో అసలు లేకపోతే లోపం కరెంటులో, సిగ్నల్‌లో, లేదా వైఫై సెక్యూరిటీ సెట్టింగ్‌లో ఉంది. జాబితాలో ఉండి ఐపీ అడ్రస్ ఖాళీగా ఉన్నా, 169.254తో మొదలైనా, రౌటర్ అడ్రస్ ఇవ్వలేదని అర్థం. సరైన ఐపీ ఉంటే కంప్యూటర్ నుంచి ఆ ఐపీకి ఒక వంద పింగ్‌లు (‘ఉన్నావా’ అని అడిగే చిన్న సందేశాలు) పంపండి. జవాబులు వస్తూ ఉండి యాప్ మాత్రం ఆఫ్‌లైన్ అంటుంటే మీ ఇంటి వైఫైకి సంబంధం లేదు. ఇంటర్నెట్, డీఎన్‌ఎస్, సర్వర్ వైపు చూడాలి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. పింగ్ సమయం ఒకసారి 10 మిల్లీసెకన్లు, ఒకసారి 200 మిల్లీసెకన్లు వస్తే కంగారుపడకండి. కరెంటు ఆదా కోసం ఈ చిప్‌లు మధ్యమధ్య నిద్రపోతాయి, అందుకే ఆ తేడా. జవాబు రాకుండా పోయిన పింగ్‌లే లెక్క: వందలో ఐదారు పోతుంటే సిగ్నల్ బాగాలేదు. రెండోది, కొన్ని పరికరాలు పింగ్‌కి జవాబివ్వకుండానే తయారవుతాయి. కాబట్టి జవాబు రానంత మాత్రాన అది తెగిపోయిందని తీర్మానించకండి. బాగా పనిచేస్తున్న అదే మోడల్‌కి కూడా పింగ్ చేసి చూడండి.

ఇక మీ విషయంలో రౌటర్ మారాకే గొడవ మొదలైంది కాబట్టి అనుమానం ముందు దాని సెట్టింగ్స్ మీదే. పాత రౌటర్‌లో ఉన్న వైఫై పేరు, పాస్‌వర్డ్ కొత్తదానికి అక్షరం పొల్లుపోకుండా పెడితే, సెక్యూరిటీ రకం కూడా పాతదే ఉంచితే, చాలా పరికరాలు తిరిగి పెయిర్ చేయకుండానే వాటంతట అవే వచ్చి చేరతాయి. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, పేరు చివర పొరపాటున పడిన ఖాళీ, అన్నీ లెక్కలోకి వస్తాయి. ఇంకా రీసెట్ చేయని పరికరాలు మిగిలి ఉంటే వాటికి ఇదే మొదట చేయండి.

తర్వాత బ్యాండ్, అంటే వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణి. మార్కెట్లో ఉన్న వైఫై ప్లగ్గులు, బల్బుల్లో అత్యధికం 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకోగలవు. కొత్త రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటినీ ఒకే పేరుతో చూపిస్తాయి. ఈ సెట్టింగ్‌కి స్మార్ట్ కనెక్ట్, బ్యాండ్ స్టీరింగ్ లాంటి పేర్లుంటాయి. పెయిరింగ్ సమయంలో ఫోన్ 5 మీద ఉంటే కొన్ని యాప్‌లు పరికరానికి సమాచారం చేర్చలేవు. పైగా బ్యాండ్ స్టీరింగ్ కొన్నిసార్లు 2.4 మీద చేరబోయిన పరికరాన్ని ‘5కి వెళ్లు’ అన్నట్టు మొదట తిరస్కరిస్తుంది. వెళ్లడానికి దానికి 5 లేదు, ఒకటి రెండు ప్రయత్నాలు చేసి ఆగిపోతుంది. ఆ సెట్టింగ్ ఆపేసి రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టండి. పరికరాలకు తెలిసిన పాత పేరు 2.4కే ఉంచండి, కొత్త పేరు 5కి ఇవ్వండి. పెయిరింగ్ అయ్యాక ఫోన్‌ని 5కి మార్చుకున్నా పర్వాలేదు. రెండు బ్యాండ్లూ ఒకే రౌటర్ కింద ఒకే నెట్‌వర్క్ కాబట్టి ఫోన్, ప్లగ్ మాట్లాడుకోగలవు. ఫోన్ ఎప్పటికీ 2.4లోనే ఉండాలనుకుని నెమ్మదైన వైఫైతో సర్దుకుపోతున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ అవసరం లేదు.

సెక్యూరిటీలో డబ్ల్యూపీఏ3 (వైఫై భద్రతా ప్రమాణాల్లో కొత్తది; దాని ముందుది డబ్ల్యూపీఏ2) ఒక్కటే పెట్టి ఉంటే పాత చిప్‌లు చేరలేవు. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిపిన మిశ్రమ సెట్టింగ్ మామూలుగా సరిపోతుంది. కానీ దానితోనూ తడబడే పరికరాలున్నాయి. కాబట్టి 2.4 బ్యాండ్‌కి మాత్రం డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ (సమాచారాన్ని రహస్యంగా మార్చే పద్ధతి) ఎంచుకుని చూడండి. దాని పక్కనే పీఎంఎఫ్ లేదా ప్రొటెక్టెడ్ మేనేజ్‌మెంట్ ఫ్రేమ్స్ అనే సెట్టింగ్ ఉంటే ‘రిక్వైర్డ్’ నుంచి ‘ఆప్షనల్’కి మార్చండి. అదే పనికి వాడే పాత పద్ధతి టీకేఐపీ జోలికి వెళ్లకండి; అది భద్రతలో బలహీనం, వేగాన్ని కూడా పాత ప్రమాణానికి దించేస్తుంది. వైఫై 6 రౌటర్ అయితే 2.4 బ్యాండ్‌లో వైఫై 6 మోడ్ ఆపి బీ, జీ, ఎన్ (పాత వైఫై ప్రమాణాలు) మోడ్‌లో ఉంచితే మొండికేసిన పాత పరికరాలు కొన్ని చేరతాయి. 5 బ్యాండ్‌లో దాన్ని అలాగే ఉంచుకోవచ్చు.

ఛానెల్ (బ్యాండ్‌లో రౌటర్ వాడుకునే చిన్న భాగం) ఆటోలో వదలకండి. 2.4లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. 40 పెడితే చుట్టుపక్కల వైఫైలతో గుద్దుకోవడం పెరుగుతుంది తప్ప ప్లగ్గులకు ఒరిగేదేమీ లేదు. ఆటోలో ఉంటే కొన్ని దేశాల్లో రౌటర్ 12, 13 ఛానెళ్లకు పోవచ్చు. ఆ రెండూ వాడని ప్రాంతాల కోసం తయారైన పరికరాలకు అప్పుడు మీ వైఫై కనిపించనే కనిపించదు. ఫోన్‌కి కనిపిస్తూ ప్లగ్‌కి కనిపించకపోవడానికి ఇదొక కారణం.

పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల మధ్య ఉండాలన్నది ప్రమాణం. కానీ ప్రత్యేక గుర్తుల్ని సరిగా పంపలేని యాప్‌లు ఉన్నాయి. పేరులో ఎమోజీలు, తెలుగు అక్షరాలు, పాస్‌వర్డ్‌లో కొటేషన్ గుర్తులు, ఖాళీలు లేకుండా, ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలతో పొడవుగా పెట్టుకోవడం క్షేమం. పేరు దాచి ఉంచే సెట్టింగ్ వల్ల భద్రత పెరగదు, పెయిరింగ్ మాత్రం చెడుతుంది, దాన్ని తీసేయండి.

పెయిరింగ్‌లో ఫోన్ వైపు లోపాలు కూడా తక్కువేం కాదు. వీపీఎన్ ఆపండి. యాప్‌కి లొకేషన్, బ్లూటూత్ అనుమతులు ఇవ్వండి. ఐఫోన్‌లో ‘లోకల్ నెట్‌వర్క్’ అనుమతి విడిగా ఉంటుంది. దాన్ని ఒకసారి కాదంటే యాప్ ఇంట్లోని ఏ పరికరాన్నీ కనుక్కోలేదు. చాలా వైఫై ప్లగ్గుల్లో లైటు వేగంగా మెరిస్తే ఒక రకం పెయిరింగ్, నెమ్మదిగా మెరిస్తే ప్లగ్ తనే ఒక చిన్న వైఫైని సృష్టించే రకం. రెండో రకంలో ఫోన్ ఆ వైఫైకి చేరగానే ‘ఇందులో ఇంటర్నెట్ లేదు’ అని మొబైల్ డేటాకి జారిపోతుంది, పెయిరింగ్ విఫలమవుతుంది. అందుకే ఆ రెండు నిమిషాలు మొబైల్ డేటా ఆపండి, ఫోన్ అడిగితే ఆ వైఫైలోనే ఉంటానని చెప్పండి.

చేరిన తర్వాత పడిపోతున్న పరికరాల సంగతి వేరు. అక్కడ నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది సమయాన్ని. రెండు రోజులపాటు ఆఫ్‌లైన్ అయిన ప్రతిసారీ గడియారం చూసి రాసుకోండి. కొన్ని యాప్‌లలో ఆ చరిత్ర దొరుకుతుంది, రౌటర్ లాగ్‌లో ఇంకా కచ్చితంగా ఉంటుంది. సరిగ్గా గంటకోసారి పడిపోతుంటే రౌటర్‌లో గ్రూప్ కీ (పరికరాలన్నిటికీ ఉమ్మడిగా ఉండే రహస్య తాళం) మార్పిడి వ్యవధి చూడండి. చాలా వాటిలో అది 3600 సెకన్లు, అంటే గంట. కీ మారినప్పుడు సరిగా స్పందించని చిప్ బయటికి పడిపోతుంది. దాన్ని 86400కి, అంటే రోజుకి పెంచితే తేడా వెంటనే తెలుస్తుంది. పన్నెండు గంటలకో రోజుకో పడిపోతుంటే డీహెచ్‌సీపీ లీజ్ (రౌటర్ ఇచ్చిన ఐపీ అడ్రస్ చెల్లే గడువు) చూడండి: పరికరం లీజ్ సగం గడిచాక అడ్రస్ పొడిగించమని అడుగుతుంది, అక్కడ తేడా వస్తే లీజ్ అయిపోగానే బయట పడుతుంది. రోజూ తెల్లవారుజామున ఒకే వేళకి అన్నీ కలిసి పడిపోతే రౌటర్ తనంతట తాను రీస్టార్ట్ అవుతోందేమో, ఛానెల్ మార్చుకుంటోందేమో చూడండి. సాయంత్రం పూట మాత్రమే అయితే చుట్టుపక్కల వైఫైల రద్దీ. వంటింటి దగ్గరివి మాత్రమే, వంట వేళల్లో మాత్రమే అయితే మైక్రోవేవ్ ఓవెన్. అది పనిచేసేది 2.45 గిగాహెర్ట్జ్ చుట్టూ, సరిగ్గా వీటి బ్యాండ్ మధ్యలో. ఏ లయా లేకుండా ఒక్క పరికరమే పడిపోతుంటే సిగ్నల్ లేదా దాని కరెంటు.

కెమెరా చీకటి పడగానే ఆఫ్‌లైన్ అయ్యి తెల్లవారాక వస్తుంటే వైఫైని తిట్టుకోకండి. చీకట్లో ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి, కరెంటు వాడకం పెరుగుతుంది. సన్నని, పొడవైన యూఎస్‌బీ తీగ చివర వోల్టేజీ పడిపోయి కెమెరా పదేపదే రీస్టార్ట్ అవుతుంది. కెమెరా మీద రాసినంత ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్, పొట్టి, మందమైన తీగ పెట్టి చూడండి. బల్బుల విషయంలో అయితే ఎవరో గోడ స్విచ్ ఆపేస్తున్నారా, ఆ స్విచ్‌కి డిమ్మర్ (వెలుతురు తగ్గించే మీట) ఉందా అన్నది ముందు చూడాలి. స్మార్ట్ బల్బు ముందు డిమ్మర్ ఉండకూడదు. డిమ్మర్ కోసి పంపే కరెంటు తరంగంతో బల్బు లోపలి విద్యుత్ సరఫరా అస్తవ్యస్తమై వైఫై చిప్ రీస్టార్ట్ అవుతుంది, కొంతకాలానికి బల్బే పాడవుతుంది.

సిగ్నల్ బలాన్ని రౌటర్ జాబితాలో డీబీఎంలలో చూడొచ్చు. అంకె మైనస్‌లో ఉంటుంది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ మంచిది. మైనస్ 60 లోపు బాగుంది, మైనస్ 70 దాకా నడుస్తుంది, మైనస్ 75 దాటితే ఈ చిన్న యాంటెన్నాలతో పడిపోవడం ఖాయం. ఫోన్‌లో గీతలు నిండుగా కనిపించాయని ప్లగ్‌కి కూడా అలాగే అందుతుందనుకోవద్దు. ఫోన్ యాంటెన్నా, చిప్ చాలా మెరుగైనవి. గోడ స్విచ్ వెనక ఇనుప పెట్టెలో అమర్చిన రిలే మాడ్యూళ్లదే (లైటుని ఆన్, ఆఫ్ చేసే చిన్న స్మార్ట్ పెట్టెలు) అన్నిటికన్నా గడ్డు స్థితి: నాలుగు వైపులా లోహం, ముందు ప్లాస్టిక్ పలక ఒక్కటే దారి. యాంటెన్నా ఉన్న వైపు బయటికి ఉండేలా తిప్పితేనే కొన్ని డీబీఎంలు పెరుగుతాయి. మెయిన్ ఆపేసి, కరెంటు లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి, అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌తో చేయించండి. రౌటర్ నేలమీదో ఫ్రిజ్ వెనకో ఇనుప బీరువా పక్కనో ఉంటే ముందు దాన్ని పైకి, ఇంటి మధ్యకి తేవడం ఏ సెట్టింగ్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. మెష్ (ఇల్లంతా వైఫై అందించే ఒకటికి మించిన పెట్టెలు) వాడుతుంటే కదలని పరికరాలకు ఫాస్ట్ రోమింగ్ (ఒక పెట్టె నుంచి ఇంకోదానికి త్వరగా మారడం) అవసరం లేదు. ఆ సెట్టింగ్ కొన్ని చిప్‌లను గందరగోళపెడుతుంది, వీలైతే 2.4కి ఆపండి.

అడ్రస్‌ల సంగతి త్వరగా. డీహెచ్‌సీపీ పరిధి 192.168.1.100 నుంచి 150 వరకే ఉంటే ఇచ్చేవి 51 అడ్రస్‌లు. ఫోన్లు, టీవీలు, వచ్చిపోయే అతిథుల ఫోన్లు కలిస్తే అవి అయిపోతాయి. పరిధిని 200 దాకా పెంచండి. హబ్‌కి, కెమెరాలకు మ్యాక్ అడ్రస్ ఆధారంగా రిజర్వేషన్ (ఎప్పుడూ అదే ఐపీ ఇచ్చే ఏర్పాటు) పెట్టండి. ఇంకో మాట: ఇంటర్నెట్ సంస్థ ఇచ్చిన పెట్టె కూడా రౌటర్‌గా నడుస్తూ, దాని వెనక మీ కొత్త రౌటర్ ఇంకో నెట్‌వర్క్ సృష్టిస్తోందా చూడండి. ఫోన్ ఒకదానిలో, బల్బు ఇంకోదానిలో ఉంటే ఇంటి బయట నుంచి పనిచేసే యాప్ ఇంట్లో తడబడుతుంది. రెండింటిలో ఒకదాన్ని బ్రిడ్జ్ లేదా యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత నెట్‌వర్క్ సృష్టించకుండా ఉండే మోడ్‌లు) మార్చండి, లేదా సంస్థ ఇచ్చిన పెట్టె వైఫై పూర్తిగా ఆపండి.

గెస్ట్ నెట్‌వర్క్‌లో పెట్టిన పరికరాలను, ఏపీ ఐసొలేషన్ (పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండా ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉన్న వైఫైలోని పరికరాలను ఫోన్ వెతికి పట్టుకోలేదు. వెతుకులాట 224.0.0.251 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి చాలా పరికరాలకు చేరే) అడ్రస్‌కి 5353 పోర్టు మీద జరుగుతుంది. ఐసొలేషన్ దాన్ని ఆపేస్తుంది. క్లౌడ్ (కంపెనీ సర్వర్) ద్వారా నడిచే ప్లగ్గులకు గెస్ట్ నెట్‌వర్క్ పనికొస్తుంది, భద్రత కూడా. టీవీకి ప్రసారం చేసేవాటికి, మ్యాటర్ (వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలకు ఉమ్మడి ప్రమాణం) పరికరాలకు పనికిరాదు. మ్యాటర్‌కి ఐపీవీ6 (ఐపీ అడ్రస్‌ల కొత్త పద్ధతి) తప్పనిసరి. ఇంటర్నెట్ వైపు ఐపీవీ6 లేకపోయినా ఫర్వాలేదు గానీ ఇంటి లోపల దాన్ని ఆపకూడదు. వైఫై బదులు థ్రెడ్ అనే రేడియో పద్ధతి వాడే మ్యాటర్ పరికరమైతే, దాన్ని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే థ్రెడ్ బోర్డర్ రౌటర్ కూడా ఇంట్లో ఉండాలి. మామూలు వైఫై రౌటర్ ఆ పని చేయలేదు.

జిగ్బీ సెన్సార్ల విషయం మీ రౌటర్ మార్పుతో ముడిపడి ఉందని నా గట్టి అనుమానం. జిగ్బీ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే, 11 నుంచి 26 వరకు అంకెలున్న తన సొంత ఛానెళ్లలో నడుస్తుంది. వైఫై ఛానెల్ 1 పడేది జిగ్బీ 11 నుంచి 14 మీద, వైఫై ఛానెల్ 6 పడేది 16 నుంచి 19 మీద, వైఫై ఛానెల్ 11 పడేది 21 నుంచి 24 మీద. కాస్త ఖాళీగా మిగిలేవి 15, 20, 25, 26. కొత్త రౌటర్ ఆటోలో ఎంచుకున్న ఛానెల్ సరిగ్గా మీ హబ్ ఛానెల్ మీద కూర్చుని ఉండొచ్చు. హబ్ సెట్టింగ్స్‌లో జిగ్బీ ఛానెల్ చూడండి: 11 అయితే వైఫైని 6 లేదా 11కి, 25 అయితే 1 లేదా 6కి మార్చండి. మార్చాల్సింది వైఫై ఛానెల్, జిగ్బీది కాదు. జిగ్బీ ఛానెల్ మారిస్తే బ్యాటరీ సెన్సార్లలో కొన్ని కొత్త ఛానెల్‌ని కనుక్కోలేవు, ఒక్కొక్కదాన్నీ మళ్లీ కలపాల్సి వస్తుంది.

హబ్‌ని రౌటర్ పక్కనే ఆనించి పెట్టకండి, కనీసం ఒకటి రెండు మీటర్లు దూరం ఉంచండి. కంప్యూటర్‌కి గుచ్చే జిగ్బీ డాంగిల్ వాడుతుంటే ఇంకో శత్రువు యూఎస్‌బీ 3: ఆ పోర్టులు, వాటికి తగిలించిన హార్డ్‌డిస్కులు 2.4 బ్యాండ్‌లో రొద పుట్టిస్తాయి. డాంగిల్‌ని యూఎస్‌బీ 2 పోర్టుకి మార్చి, మీటరు పొడవున్న ఎక్స్‌టెన్షన్ తీగతో దూరం జరపండి. ఈ ఒక్క తీగతో నయమయ్యే జిగ్బీ జబ్బులు చాలా ఉన్నాయి. కరెంటుతో నడిచే జిగ్బీ ప్లగ్గులు, బల్బులు ఎక్కువగా దూరపు సెన్సార్లకు మధ్యవర్తులుగా పనిచేస్తాయన్నది కూడా గుర్తుంచుకోండి. అలాంటి బల్బుని గోడ స్విచ్‌తో ఆపితే దాని మీద ఆధారపడ్డ తలుపు సెన్సార్ కూడా పోతుంది. మధ్యవర్తిగా ఎప్పుడూ ఆన్‌లో ఉండే ప్లగ్‌ని ఎంచుకోండి. సెన్సార్ అప్పటికీ రాకపోతే యాప్ నుంచి తొలగించకుండానే, అది ఉండే చోటే ఉంచి మళ్లీ పెయిర్ చేయండి. దగ్గర్లోని మధ్యవర్తిని ఎంచుకుంటుంది, ఆటోమేషన్లు చాలావరకు చెక్కుచెదరవు. బ్యాటరీ శాతాన్ని పూర్తిగా నమ్మకండి. నాణెం ఆకారపు 3 వోల్టుల బ్యాటరీ విడిగా బాగానే కనిపించి, రేడియో పంపే క్షణంలో కూలబడుతుంది. చలిలో ఇది ఇంకా ఎక్కువ.

పింగ్ పనిచేస్తూ యాప్ మాత్రం ఆఫ్‌లైన్ అనే రకానికి: ప్రకటనల్ని అడ్డుకునే డీఎన్‌ఎస్ ఫిల్టర్ ఉంటే అరగంట ఆపి చూడండి. రౌటర్ డీఎన్‌ఎస్‌ని 1.1.1.1 లేదా 8.8.8.8కి మార్చి చూడండి. ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 పోర్టు మూసి ఉంటే పరికరానికి సరైన సమయం అందదు. సమయం తప్పయితే సర్వర్ సర్టిఫికెట్‌ని (దాని గుర్తింపు పత్రాన్ని) నమ్మదు, కనెక్షన్ తిరస్కరిస్తుంది. యాప్‌లో అంతా పనిచేస్తూ నోటితో చెప్తే మాత్రం పనిచేయకపోతే వైఫైని కదపనక్కర్లేదు, వాయిస్ అసిస్టెంట్‌లో ఆ కంపెనీ ఖాతా లింక్ తీసి మళ్లీ కలపండి.

కరెంటు పోయి వచ్చాక మాత్రమే కొన్ని పోతుంటే వరుసే కారణం. ప్లగ్గులు కొన్ని సెకన్లలో లేస్తాయి, రౌటర్‌కి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఈలోపు కొన్ని విసిగి పెయిరింగ్ మోడ్‌లోకి పోతాయి. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెడితే ఈ గొడవ చాలావరకు పోతుంది.

ఇన్ని చూసినా ఒక వైఫై పరికరం తేలకపోతే చివరి పరీక్ష: ఇంటి రౌటర్ ఆపి, ఒక ఫోన్‌లో అదే పేరు, అదే పాస్‌వర్డ్‌తో 2.4 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ పెట్టండి. ఐఫోన్‌లో దీనికి ‘మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ ఆన్ చేయాలి. పరికరం రీసెట్ లేకుండానే హాట్‌స్పాట్‌కి చేరుతుంది. రెండో ఫోన్‌లోని యాప్‌తో నడిపి చూడండి. అక్కడ గంటలకొద్దీ నిలబడితే లోపం రౌటర్ సెట్టింగ్స్‌లోనే ఉంది. రెండు మీటర్ల దూరంలో, హాట్‌స్పాట్ మీద కూడా పడిపోతుంటే అప్పుడే ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, ఆ తర్వాత రీసెట్. రీసెట్‌కి ముందు యాప్ నుంచి పరికరాన్ని తొలగించండి, లేకపోతే కొన్ని కంపెనీల సర్వర్లు అది పాత ఖాతాకే చెందిందని కొత్త పెయిరింగ్‌ని తిరస్కరిస్తాయి. అప్పటికీ మారకపోతే లోపలి విద్యుత్ సరఫరా భాగం, ముఖ్యంగా వేడికి ఎండిన కెపాసిటర్, పోయి ఉండొచ్చు. గోడ కరెంటుతో నేరుగా నడిచే ప్లగ్గుని, బల్బుని విప్పి బాగుచేసే ప్రయత్నం వద్దు. వారంటీ ఉంటే వెనక్కివ్వండి, లేకపోతే మార్చేయండి.